ఐఆర్ఎస్ మన ఆఫర్ ఒప్పుకుంటే ఆ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది?

నమస్తే అండి. ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు క్లుప్తంగా చెప్తాను. మీరు టెక్సస్‌లో ఉంటారు. మీ వారు నడిపిన చిన్న వ్యాపారం మూతపడింది. ఇద్దరూ కలిసి జాయింటుగా వేసిన రిటర్నుల మీద మూడేళ్ల ఆదాయపు పన్ను, వడ్డీ, పెనాల్టీలు కలిపి ఐఆర్ఎస్‌కు, అంటే అమెరికా పన్నుల శాఖకు, దాదాపు 84,000 డాలర్లు బాకీ పడ్డారు. 11,500 డాలర్లకు ఆఫర్ ఇన్ కాంప్రమైజ్ (ఇంత కడతాం, మిగతా బాకీ వదిలేయండి అనే అర్జీ) పెడితే, ఒప్పుకునేలా ఉన్నామని ఆఫీసర్ ఫోన్‌లో అన్నారు. ఇంతలో ఒక స్నేహితురాలు "ఒప్పుకున్న ఆఫర్లన్నీ పబ్లిక్ రికార్డే, ఎవరైనా తీసి చూడొచ్చు" అనేసరికి మీకు నిద్ర పట్టడం లేదు. మన వాళ్లకు, మీ కొత్త ఉద్యోగంలో వాళ్లకు, ఇండియాలో అత్తగారి వైపు వాళ్లకు తెలిసిపోతుందేమో, ఆఫర్ వెనక్కి తీసుకుందామా అని అడిగారు. చివర్లో ఒక్క వాక్యంలో "కౌంటీలో లియన్ కూడా వేశారు, ఇక దాని సంగతి అయిపోయినట్టే కదా" అని రాశారు. లియన్ అంటే బాకీ తీరేదాకా మీ ఆస్తి మీద ప్రభుత్వం పెట్టుకునే హక్కు.

నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ఐఆర్ఎస్ దగ్గర పన్నుదారుల తరఫున పనిచేయడానికి నాకు లైసెన్సు ఉంది. నా ప్రాక్టీసులో ఎక్కువ భాగం ఇలాంటి బాకీ కేసులే, అందులో మన తెలుగువాళ్లవి చాలా ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా సమాధానం: మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. అయినా ఆఫర్ వెనక్కి తీసుకోకండి. ఒప్పుకున్న ఆఫర్ వివరాలు కొన్ని ఏడాదిపాటు ఎవరు అడిగినా చూపించాలని చట్టం ఉంది. కానీ ఆ చూపించేది చాలా కొంచెం, అడిగేవాళ్లు అరుదు, ఏడాది దాటితే అది ఆ ఫైల్లో ఉండదు. మీ గుట్టు నిజంగా బయటపడే దారి మీరు చివర్లో ఒక్క వాక్యంతో వదిలేసిన ఆ లియన్. అది ఇప్పటికే అందరికీ కనిపించే చోట ఉంది.

ఇప్పుడు ఒక్కొక్కటిగా చెప్తాను.

అమెరికాలో పన్ను వివరాలకు రక్షణ ఇచ్చేది ఇంటర్నల్ రెవెన్యూ కోడ్‌లోని 6103 సెక్షన్. మన రిటర్ను, దాని మీద ఐఆర్ఎస్ దగ్గరున్న సమాచారం అంతా గోప్యం, చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. ఆ అనుమతుల్లో ఒకటి 6103(కె)(1). 7122 సెక్షన్ కింద ఒప్పుకున్న ఆఫర్‌ను జనం చూడటానికి ఎంత అవసరమో అంత సమాచారం బయటపెట్టాలని అది చెబుతుంది. "ఎంత అవసరమో అంత" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మీకు ఊరట ఇచ్చేది అదే.

ఆ కొంచెం ఏమిటంటే, ఫారం 7249 అనే కాగితం. ఆఫర్ ఒప్పుకున్నప్పుడు ఐఆర్ఎస్ లోపల తయారు చేసుకునే ఆమోదపు రిపోర్టు అది. ఒప్పుకున్న తేదీ నుంచి ఏడాదిపాటు దాని కాపీని చూడటానికి అందుబాటులో ఉంచాలని నిబంధన. అందులో మీ పేర్లు ఉంటాయి. ఏ రకం పన్ను, ఏ సంవత్సరాలది, మొత్తం బాకీ ఎంత, ఎంతకు ఒప్పుకున్నారు, ఏ షరతుల మీద, ఏ కారణంతో అన్నది ఉంటుంది. కారణమంటే మీ కథంతా కాదు. వసూలయ్యే అవకాశం లేదని ఒప్పుకున్నారా, అసలు బాకీ ఉందా లేదా అన్న సందేహం మీద ఒప్పుకున్నారా, లేక వసూలు చేస్తే అన్యాయమవుతుందన్న ప్రత్యేక పరిస్థితుల మీదా అన్నది. సోషల్ సెక్యూరిటీ నంబరు బయటికిచ్చే కాపీలో ఉండదు.

మీరు ఎక్కువ భయపడుతున్నవి అందులో లేవు. 433-ఏ ఫారంలో మీరు రాసిచ్చిన జీతం, బ్యాంకు నిల్వలు, ఇంటి ఖర్చులు, కారు లోను, ఇండియాలో ఉన్న స్థలం వివరం, డాక్టరు ఇచ్చిన ఉత్తరాలు, మీ అమ్మగారికి పంపే డబ్బు లెక్క, ఇవేవీ ఆ ఫైల్లోకి వెళ్లవు. వాటిని సమాచార హక్కు చట్టం లాంటి ఎఫ్ఓఐఏ కింద మూడో మనిషి అడిగినా ఐఆర్ఎస్ ఇవ్వదు, 6103 అడ్డం వస్తుంది. మీ ఫైలు మీరు అడిగి తెప్పించుకోవచ్చు, అది వేరే.

చూడాలనుకునేవాళ్లు ఎలా చూస్తారు? ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే వచ్చే జాబితా కాదిది. గూగుల్‌లో దొరకదు. ఇంతకుముందైతే ఆయా ప్రాంతానికి కేటాయించిన ఐఆర్ఎస్ ఆఫీసులో చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఫారం 15086 నింపి పంపి అడగాలి. అడిగే మనిషికి ఇలాంటి ఫైలు ఒకటుందని తెలియాలి, ఆ ఫారం తెలియాలి, మీరు ఆఫర్ పెట్టారని తెలియాలి, అది ఒప్పుకుని ఏడాది కాకుండా ఉండాలి. మీ పక్కింటివాళ్లు ఈ నాలుగూ తెలుసుకుని అడుగుతారని నేను అనుకోను. నాకు తెలిసి వీటిని అడిగేది ఎక్కువగా మాలాంటి ప్రాక్టీషనర్లు, అప్పుడప్పుడు పేరున్న వాళ్ల కేసులు వెతికే విలేకరులు. సెలబ్రిటీలకు, రాజకీయ నాయకులకు ఈ ఏడాది నిజంగా ఇబ్బందికరమే. మామూలు కుటుంబానికి అంత కాదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఏడాదిలో ఎవరైనా కాపీ తీసుకుంటే, ఏడాది అయ్యాక ఐఆర్ఎస్ దాన్ని వాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించదు. అది చట్టబద్ధంగా బయటికి వచ్చిన సమాచారం. వాళ్లు దాన్ని పదిమందికి చెప్పినా మీరు చేయగలిగింది తక్కువ.

"మా పేరు ఆ ఫైల్లో పెట్టొద్దని అడగవచ్చా?" అడగలేరు. వద్దని చెప్పుకునే వెసులుబాటు చట్టంలో లేదు. మీరు నింపిన ఆఫర్ దరఖాస్తు, అంటే 656-బి బుక్‌లెట్‌లోనే, ఒప్పుకున్న ఆఫర్ల సమాచారం కొంత జనానికి అందుబాటులో ఉంచాలని చట్టం చెబుతుందని రాసి ఉంటుంది. అది చాలామంది చదవరు. నేను మాత్రం సంతకం పెట్టించే ముందు ఆ పేజీ చూపించి మరీ చదివిస్తాను, ఎందుకంటే ఇలాంటిది ముందు తెలిస్తే ఒక రకం, ఒప్పుకున్నాక ఫ్రెండ్ ద్వారా తెలిస్తే ఇంకో రకం. ఆఫర్ ఒప్పుకోకముందు వెనక్కి తీసుకోవచ్చు, ఒప్పుకున్నాక ఇద్దరూ కట్టుబడాల్సిందే. ఎవరైనా మీకు ఫోన్ చేసి "ఇంత ఫీజు ఇవ్వండి, పబ్లిక్ ఫైల్ నుంచి మీ పేరు తీయిస్తాం" అంటే ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. అలాంటి సేవ లేదు.

తిరస్కరించిన ఆఫర్లు, మీరు వెనక్కి తీసుకున్నవి, అసంపూర్తిగా ఉన్నాయని తిప్పి పంపినవి బయటికి రావు. చట్టం "ఒప్పుకున్న" ఆఫర్ల గురించి మాత్రమే చెబుతుంది. అంటే మీరు ప్రయత్నించి విఫలమైతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మీరు కోపంగా "మా బాకీ మాది, జనానికెందుకు?" అని రాశారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఈ నియమం ఎందుకు పెట్టారో తెలిస్తే కోపం కొంత తగ్గుతుందని నా నమ్మకం. ఒక ప్రభుత్వోద్యోగి సంతకంతో 84,000 బాకీ 11,500తో తీరిపోతోంది. మిగతాది మిగిలిన పన్నుదారులందరూ వదులుకున్న డబ్బు. ఆ సంతకం ఎవరికి, ఎందుకు పడిందో ఎవరూ చూడలేకపోతే పలుకుబడి ఉన్నవాళ్లకే మాఫీలు దొరుకుతాయి. ఇది ఊహ కాదు. 1950ల మొదట్లో అప్పటి బ్యూరో ఆఫ్ ఇంటర్నల్ రెవెన్యూలో లంచాల కుంభకోణాలు బయటపడి చాలామంది అధికారుల ఉద్యోగాలు పోయాయి, 1952లో మొత్తం సంస్థనే పునర్వ్యవస్థీకరించారు, మరుసటి ఏడాది పేరు ఐఆర్ఎస్‌గా మారింది. తర్వాత అధ్యక్షుడు నిక్సన్ కాలంలో దీనికి తలకిందులైన ప్రమాదం కనిపించింది. గిట్టనివాళ్ల పన్ను వివరాలను రాజకీయ ఆయుధంగా వాడాలని చూశారు. దాంతో 1976 పన్ను సంస్కరణల చట్టం 6103 చుట్టూ ఇప్పుడున్న గట్టి గోడ కట్టింది. ఆ గోడ కట్టినప్పుడు కూడా, ఒప్పుకున్న ఆఫర్ల కోసం ఈ చిన్న కిటికీ వదిలారు. మీ కేసులో అధికారి మీకు అన్యాయంగా ఎక్కువ అడుగుతున్నాడా అని చూడటానికి కూడా ఇలాంటి పాత 7249లు నాకు పనికొస్తాయి. కాబట్టి ఈ నియమం ఉండాలనే నా అభిప్రాయం. కానీ పేర్లు లేకుండా అంకెలు మాత్రమే చూపించినా మామూలు కుటుంబాల విషయంలో ఆ ప్రయోజనం నెరవేరుతుందని కూడా అనుకుంటాను. అది కాంగ్రెస్ మార్చాల్సిన విషయం.

ఇక అసలు విషయానికి వస్తాను, లియన్.

బాకీ 10,000 డాలర్లు దాటితే సాధారణంగా ఐఆర్ఎస్ నోటీస్ ఆఫ్ ఫెడరల్ టాక్స్ లియన్ వేస్తుంది. మీకు లెటర్ 3172 వచ్చి ఉంటుంది, అది ఆ సంగతి చెప్పే ఉత్తరమే. ఆ నోటీసు కౌంటీ రికార్డుల్లో నమోదవుతుంది. దాని మీద మీ ఇద్దరి పేర్లు, ఇంటి చిరునామా, ఏ సంవత్సరానికి ఎంత బాకీ అన్నది ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనిపించవు. చాలా కౌంటీల రికార్డులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో వెతకొచ్చు. ఫారం నింపక్కర్లేదు, ఏడాది గడువు లేదు. డేటా అమ్ముకునే కంపెనీలు వీటిని రోజూ ఏరుకుంటాయి.

లియన్ పడిన కొన్నాళ్లకు మీ మెయిల్‌బాక్స్‌లో "మీ పన్ను బాకీ తీర్చేస్తాం" అంటూ రంగురంగుల కవర్లు కుప్పలుగా వచ్చే ఉంటాయి. వాళ్లకు మీ అడ్రసు ఇచ్చింది ఐఆర్ఎస్ కాదు, ఆ కౌంటీ రికార్డు. రెస్టారెంటు నడిపి నష్టపోయిన ఒకాయన కేసులో, ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ కవర్ల మీద రాసిన అక్షరాలు చూసి వాళ్ల మామగారే ముందు అడిగారు. నేను చూసిన కేసుల్లో గుట్టు రట్టయిన దారుల్లో ఇదే ముందుంటుంది, 7249 కాదు.

మంచి వార్త ఒకటుంది. 2018 ఏప్రిల్ నాటికి మూడు పెద్ద క్రెడిట్ బ్యూరోలు, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, పన్ను లియన్లను క్రెడిట్ రిపోర్టుల నుంచి పూర్తిగా తీసేశాయి. కాబట్టి మీ స్కోరు మీద లియన్ నేరుగా పడదు. కానీ ఇంటి లోను ఇచ్చేవాళ్లు, ఇంటి మీద హక్కులు సరిగ్గా ఉన్నాయో చూసే టైటిల్ కంపెనీలు కౌంటీ రికార్డు విడిగా చూస్తారు.

మీరు అనుకున్నట్టు ఆఫర్ ఒప్పుకున్న రోజే లియన్ పోదు. ఒప్పుకున్న మొత్తం, అంటే మీ 11,500, పూర్తిగా కట్టాకే విడుదల. బాకీ తీరిన 30 రోజుల్లోగా విడుదల పత్రం ఇవ్వాలని 6325 సెక్షన్ చెబుతుంది. అది 668(జెడ్) అనే సర్టిఫికెట్. అది కౌంటీలో నమోదైందో లేదో మీరే వెళ్లి చూసుకోండి, మెయిల్లో కాపీ వచ్చింది కదా అని ఊరుకోకండి.

విడుదల అయినా పాత నోటీసు రికార్డులోనే ఉంటుంది, పక్కన "తీరిపోయింది" అన్న కాగితం చేరుతుందంతే. చాలామందికి తెలియని ఇంకో మెట్టు ఉంది, విత్‌డ్రాయల్. ఫారం 12277తో అడగాలి. లియన్ విడుదలయ్యాక, గత మూడేళ్ల రిటర్నులన్నీ వేసి, మూడు నెలలకోసారి ముందుగా కట్టే ఎస్టిమేటెడ్ టాక్స్ లాంటివి సమయానికి కడుతూ ఉంటే, ఆ నోటీసునే ఉపసంహరించమని అడగవచ్చు. అప్పుడు చట్టం దృష్టిలో ఆ నోటీసు అసలు వేయనట్టే లెక్క. ఇవ్వాలా వద్దా అన్నది ఐఆర్ఎస్ నిర్ణయం, అయినా అడగకపోతే మాత్రం రాదు. ఇచ్చాక, మీరు రాతపూర్వకంగా పేర్లు ఇస్తే, ఆ బ్యాంకులకు, క్రెడిట్ ఏజెన్సీలకు ఉపసంహరించిన సంగతి ఐఆర్ఎస్సే తెలియజేయాలి. మీ గోప్యత కోసం మీ చేతిలో ఉన్న గట్టి పని ఇదే. ఏడాదిలో దానంతట అది పోయే 7249 గురించి పెట్టుకున్న టెన్షన్‌లో సగం ఈ ఫారం మీద పెట్టండి.

ఇప్పుడు మీరు అడిగిన మనుషుల సంగతి.

ఉద్యోగంలో తెలుస్తుందా? ఐఆర్ఎస్ మీ యజమానికి ఆఫర్ సంగతి చెప్పదు. యజమానికి తెలిసే ముఖ్యమైన దారి జీతం మీద లెవీ వేయడం, అంటే బాకీ కింద జీతంలోంచి నేరుగా పట్టుకోవడం. ఆఫర్ పరిశీలనలో ఉన్నంతకాలం లెవీ వేయడాన్ని చట్టం చాలావరకు ఆపుతుంది. ఒప్పుకున్నాక మీరు షరతులు పాటిస్తే ఇక వేయరు. అంటే ఆఫర్ వెనక్కి తీసుకుంటేనే ఆఫీసులో తెలిసే ప్రమాదం పెరుగుతుంది. చూశారా, మీరు చేద్దామనుకున్న పని దేన్ని తెచ్చిపెడుతుందో. స్టాక్ బ్రోకరు లాంటి లైసెన్సు ఉన్న ఉద్యోగమైతే వేరే, యూ4 ఫారంలో తీరని లియన్ల గురించి నేరుగా అడుగుతారు, దాచకూడదు.

ఇండియాలో వాళ్లకు? తెలిసే దారి లేదు. రెండు దేశాల పన్ను ఒప్పందం కింద సమాచారం పంచుకునేది పన్ను శాఖల మధ్య మాత్రమే, చుట్టాలకు కాదు.

సిటిజన్‌షిప్? మీరు అడగలేదు కానీ మన వాళ్లలో అందరికీ ఉండే భయం కాబట్టి రాస్తున్నాను. ఎన్-400 ఫారంలో గడువు దాటిన పన్ను బాకీ ఉందా అని అడుగుతారు. అక్కడ పబ్లిక్ ఫైలు చూసి పట్టుకోవడం ఏమీ లేదు, మీరే నిజం చెప్పాలి. ఒప్పుకున్న ఆఫర్ ఉత్తరం, కట్టిన రసీదులు, ఆ తర్వాతి రిటర్నులు పట్టుకెళ్లండి. బాకీని పట్టించుకోకుండా వదిలేసినవాళ్ల కంటే పద్ధతిగా తీర్చుకున్నవాళ్ల పరిస్థితి చాలా మేలు. మీ కేసు చూసే ఇమ్మిగ్రేషన్ లాయరుకు ముందే చెప్పండి.

ఇల్లు కొనేటప్పుడు లెండర్ 4506-సి ఫారం మీద సంతకం అడుగుతాడు. దాంతో ఐఆర్ఎస్ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మీ పన్ను రికార్డు నకలు, తెప్పించుకుంటాడు. అందులో రిటర్ను ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే అడిగాడా, అకౌంట్ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అడిగాడా అన్నది చూసి సంతకం పెట్టండి. అకౌంట్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆఫర్ పెండింగ్‌లో ఉంటే 480 కోడ్, ఒప్పుకుంటే 780 కోడ్, లియన్ వేస్తే 582 కోడ్ కనిపిస్తాయి. తెలిసినవాళ్లకు ఆ మూడు అంకెలే చాలు. ఖాళీగా ఉన్న ఫారం మీద ఎప్పుడూ సంతకం పెట్టొద్దు. అలా మీ అనుమతితో తీసుకున్న సమాచారాన్ని, మీరు ఇచ్చిన కారణానికి తప్ప వేరే దేనికీ వాడకూడదని, మీ అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని 2019లో చట్టం మార్చారు. కాగితం మీద మీకు ఆ రక్షణ ఉంది.

భార్యాభర్తల విషయం ఒకటి. మీది జాయింట్ బాకీ కాబట్టి 7249లో ఇద్దరి పేర్లూ ఉంటాయి. వ్యాపారం ఆయనదే అయినా, రిటర్ను మీద మీరూ సంతకం పెట్టారు. విడాకులు తీసుకున్న జంటల్లో ఇంకో కోణం వస్తుంది. జాయింట్ బాకీ వసూలు కోసం అవతలి మనిషి దగ్గర ఏం ప్రయత్నం చేశారు, ఎంత వసూలైంది అన్నది రాతపూర్వకంగా అడిగితే ఐఆర్ఎస్ చెప్పాలని 6103(ఈ)(8) ఉంది. అలాగే పేరోల్ టాక్స్ (ఉద్యోగుల జీతాల్లోంచి పట్టి కట్టాల్సిన పన్ను) కట్టని కంపెనీలో భాగస్వాములకు కూడా ఇలాంటి హక్కు ఉంది. ఐటీ కన్సల్టెన్సీలు నడిపే మన వాళ్లు 941 బాకీలతో, అంటే ఈ పేరోల్ టాక్స్ బాకీలతో వచ్చినప్పుడు ఇది ముందే చెప్తాను. పాత పార్ట్‌నర్‌కి తెలియకూడదంటే కుదరదు, చట్టమే చెప్పమంటోంది.

ఇక మన వాళ్ల సంగతి. నొప్పి కలిగించినా చెప్తాను. నేను చూసినంతలో మన సమాజంలో ఈ కబుర్లు ప్రభుత్వ రికార్డు నుంచి పుట్టవు. టాక్స్ సీజన్లో ఎవరి ఇంట్లోనో కూర్చుని రిటర్నులు వేసే తెలిసినాయన దగ్గర్నుంచి, "మా వాడికి కూడా ఇలాగే అయింది, ఎనభై వేలు మాఫీ చేశారట" అని ధైర్యం చెప్పబోయిన బంధువు దగ్గర్నుంచి పుడతాయి. రిటర్నులు తయారు చేసేవాళ్లు క్లయింటు వివరాలు బయట చెబితే 7216 సెక్షన్ కింద అది నేరం, జైలుశిక్ష కూడా ఉంది. ఆ సంగతి చాలామంది ప్రిపేరర్లకే తెలియదు. మీ కేసు చూస్తున్నవాళ్లతో చేసుకున్న ఒప్పందంలో "మీ కేసు ఫలితాన్ని ప్రచారానికి వాడుకుంటాం" అన్న అనుమతి ఏదైనా ఉందేమో చదవండి. కొన్ని కంపెనీలు ఒప్పుకున్న ఉత్తరాలను ప్రకటనల్లో వేస్తాయి. ఉంటే ఆ అనుమతి రద్దు చేస్తున్నామని ఇప్పుడే రాసి పంపండి.

ప్రభుత్వోద్యోగి అలా చెబితే ఇంకా పెద్ద నేరం. అనుమతి లేకుండా బయటపెడితే 7213 కింద ఐదేళ్ల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. పని లేకుండా ఊరికే తెరిచి చూసినా 7213ఏ కింద నేరమే. నష్టపరిహారం కోసం మీరు 7431 కింద కేసు వేయవచ్చు. ఐఆర్ఎస్‌లో పనిచేసే ఎవరో మన ఊరివాళ్లు చూస్తారేమో అని కూడా రాశారు కదా, దానికి ఇదీ జవాబు.

గోప్యతే ముఖ్యమనుకుంటే వేరే దారులు లేవా? ఉన్నాయి. వాయిదాల ఒప్పందం, అంటే ఇన్‌స్టాల్‌మెంట్ అగ్రిమెంట్, పబ్లిక్ ఫైల్లోకి రాదు. ప్రస్తుతానికి వసూలు చేయలేమని పక్కన పెట్టిన సంగతి కూడా ఆ ఫైల్లోకి రాదు. పెనాల్టీ మాఫీ సంగతి కూడా అందులోకి రాదు. 7121 కింద చేసుకునే క్లోజింగ్ అగ్రిమెంట్, అంటే పన్ను సంగతి ఖరారు చేసుకునే ఒప్పందం, కూడా గోప్యమే. కానీ వీటన్నిటిలోనూ లియన్ పడే అవకాశం అలాగే ఉంటుంది, అది పడితే గోప్యత మాట అక్కడే సగం పోయింది. మీకు ఇప్పటికే పడింది. అంటే 7249ని తప్పించుకోవడానికి మీరు 72,500 డాలర్ల ఉపశమనం వదులుకుంటారు, మీ పేరు మాత్రం కౌంటీలో అలాగే ఉంటుంది.

ఒకాయన అచ్చం ఇలాగే ఆలోచించి, నేను వద్దన్నా వినకుండా, ఆఫర్ వదిలి వాయిదాలకు వెళ్లారు. పిల్లల పెళ్లి సంబంధాల్లో మాట వస్తుందని ఆయన భయం. కడుతూనే ఉన్నారు, వడ్డీ పెరుగుతూనే ఉంది, లియన్ ఇంకా ఉంది. ఆయన భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ నిర్ణయం వల్ల దాగింది ఏమీ లేదు.

ఐఆర్ఎస్ మీద టాక్స్ కోర్టుకు వెళ్లి అక్కడ సెటిల్ చేసుకుందాం అని కొందరు సలహా ఇస్తారు. అది గోప్యత కోసమైతే పొరపాటు. టాక్స్ కోర్టు కేసులు చట్టప్రకారం బహిరంగం. డాసన్ అనే కోర్టు సైటులో పేరుతో వెతికితే కేసు కనిపిస్తుంది, చివరి నిర్ణయంలో అంకెలు ఉంటాయి, దానికి ఏడాది గడువు లేదు. దివాలా పిటిషను ఇంకా ఎక్కువ. ఆస్తులు, అప్పులు, ఖర్చుల జాబితా మొత్తం కోర్టు రికార్డుకెక్కుతుంది. ఈ రెండింటి పక్కన పెట్టి చూస్తే ఆఫర్ చాలా గుట్టుగా సాగే పని.

చదువుతున్న మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి వీళ్లకు ఐఆర్ఎస్ ఒక్కటే. కాలిఫోర్నియా వాళ్లకు రాష్ట్రం విడిగా ఉంటుంది. అక్కడి ఆదాయపు పన్ను శాఖ అయిన ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు కూడా 500 డాలర్లకు మించి తగ్గించి ఒప్పుకున్న కేసుల వివరాలు కనీసం ఏడాదిపాటు పబ్లిక్ రికార్డుగా ఉంచాలి. పైగా 1,00,000 డాలర్లు దాటిన బాకీదారుల్లో పెద్ద 500 మంది పేర్లను ఏడాదికి రెండుసార్లు స్వయంగా ప్రకటిస్తుంది. కాబట్టి అక్కడ సెటిల్ చేసుకోవడం, ఆ జాబితాకెక్కకుండా గుట్టు కాపాడుకునే మార్గమే. ఇంకొకటి, ఇండియా ఖాతాలు చూపించనందుకు పడే ఎఫ్‌బార్ పెనాల్టీ ఈ ఆఫర్‌లోకి రాదు. అది వేరే చట్టం కింద పడేది. దాన్ని కూడా దీంతో తీర్చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీరు ఇప్పుడు చేయాల్సినవి ఇవీ. ఆఫర్‌ను అలాగే కొనసాగనివ్వండి. మీ బాకీ 50,000 దాటింది కాబట్టి చట్టప్రకారం ఐఆర్ఎస్ న్యాయ విభాగం అభిప్రాయం కూడా ఫైల్లో ఉండాలి, అందుకని ఫోన్లో సరే అన్నాక కూడా ఉత్తరం రావడానికి టైం పడుతుంది, కంగారు పడొద్దు. ఉత్తరం రాగానే డబ్బు గడువులోగా కట్టండి. లియన్ ఉత్తరం వెతికి, కౌంటీలో అది నమోదైన నంబరు రాసి పెట్టుకోండి, విడుదల అయిందో లేదో చూడటానికి అదే కావాలి.

ఒప్పుకున్నాక ఐదేళ్లపాటు ప్రతి రిటర్నూ వేయాలి, ప్రతి పన్నూ సమయానికి కట్టాలి. ఒక్క ఏడాది తప్పినా ఒప్పందం రద్దు చేసి పాత బాకీ మొత్తం వెనక్కి తెచ్చే హక్కు వాళ్లకు ఉంది. అప్పుడు లెవీలు మొదలవుతాయి, ఆఫీసులోనూ తెలుస్తుంది. మీ వారు మళ్లీ సొంతంగా ఏదైనా మొదలుపెడితే మూడు నెలలకోసారి కట్టే ఎస్టిమేటెడ్ టాక్స్ దగ్గరే చాలామంది జారిపోతారు, అక్కడ జాగ్రత్త.

లెటర్ 3172 మీద తేదీ, ఏ సంవత్సరాలకు లియన్ వేశారో ఇక్కడ రాయండి, అంకెలు, పేర్లు, చిరునామా మాత్రం వద్దు. మూడు సంవత్సరాలకూ ఒకే నోటీసా, విడివిడిగా వేశారా అన్నదాన్ని బట్టి 12277 ఎలా నింపాలో చెప్తాను.